పెంబ్రోక్‌షైర్ తీరం: జూన్‌లో పఫిన్లా, అక్టోబరులో సీల్ పిల్లలా?

వేల్స్‌లోని పెంబ్రోక్‌షైర్ తీరానికి ఒక్కసారే వెళ్లే వీలుంటే ఎప్పుడు వెళ్లాలి?

జూన్ అయితే స్కోమర్ దీవి. మార్టిన్స్ హేవెన్ నుంచి పడవ ఎక్కాలి, టికెట్లు ముందే బుక్ చేసుకోవాలి. ఏప్రిల్‌లో వచ్చిన పఫిన్లు అనే సముద్రపు పక్షులు జులై చివరికల్లా తిరిగి సముద్రంలోకి వెళ్లిపోతాయి. వెండి తీగల్లాంటి చిన్న చేపల్ని ముక్కులో అడ్డంగా పట్టుకుని, మన కాళ్ల ముందు నుంచే గబగబా బాట దాటి బొరియలోకి దూరతాయి. ఎంత ముద్దొచ్చినా బాట దిగకూడదు. నేలంతా బొరియలే, అడుగు పడితే కూలిపోతాయి.

అక్టోబరులో దీవి మీద పఫిన్లు ఉండవు. గాలి మొహాన కొడుతుంది. కానీ అదే మార్టిన్స్ హేవెన్ దగ్గర కొండ అంచున నిలబడి కిందికి చూస్తే, గులకరాళ్ల మీద తెల్లటి బొచ్చుతో సీల్ పిల్లలు! తల్లి పాలిచ్చేది సుమారు మూడు వారాలే. ఆ ఆకలి ఏడుపు అచ్చం పసిబిడ్డదిలాగే ఉంటుంది. కిందికి మాత్రం దిగొద్దు, తల్లి బెదిరితే పిల్లను వదిలేసి పోవచ్చు. బైనాక్యులర్స్ చాలు.

చిన్నపిల్లలు వెంట ఉంటే జూన్‌కే వెళ్లండి. నా ఓటు మాత్రం అక్టోబరుకే.