ఆరేళ్లు, రెండు కార్లు, ఒక నోటు పుస్తకం: 91, 95 ఆక్టేన్‌లతో నా అనుభవం

"ప్రీమియం కొట్టమంటారా సార్? మైలేజీ పెరుగుతుంది." బంకులో ఈ మాట విన్నప్పుడల్లా మొదటి రెండేళ్లు తలూపేశాను. కొత్త కారు, కాస్త మంచి పెట్రోలు పోస్తే ఇంజను పది కాలాలు ఉంటుందని ఆశ. నాది 1.2 లీటర్ల మామూలు ఇంజను, గాలిని ఒత్తి లోపలికి నెట్టే టర్బో లేదు. పెట్రోలు మూత లోపలి స్టిక్కరు మీద "కనీసం 91" అని ఉంది. నేను పోయిస్తున్నది 95 ఆక్టేన్. ఆ స్టిక్కరు చదివింది కూడా కారు కొన్న రెండేళ్లకు, మూత సరిగ్గా పడక వంగి చూసిన రోజున.

ఆ రోజు నుంచి డ్యాష్‌బోర్డులో ఒక నోటు పుస్తకం పెట్టాను. ట్యాంకు ఫుల్లు చేయించడం, గన్ను మొదటిసారి ఆగగానే ఆపించేయడం, ఓడోమీటరు అంకె, లీటర్లు రాసుకోవడం. వీలైనంతవరకు అదే బంకు, అదే పంపు. కారు తెర మీద కనిపించే మైలేజీని నమ్మలేదు. నా కారులో అది అసలు కంటే దాదాపు 5 శాతం ఎక్కువే చూపిస్తుంది. "కిరాణా లెక్కలు ఎప్పుడైనా ఇంత శ్రద్ధగా రాశారా?" అని మా ఆవిడ చాలాసార్లు అడిగింది.

పది ట్యాంకులు 91, పది ట్యాంకులు 95. సగటున 91తో లీటరుకు 17.1 కిలోమీటర్లు, 95తో 17.2. ఈ తేడా చూసి మొదట సంబరపడ్డాను, తర్వాత పేజీలు వెనక్కి తిప్పాను. ఒకే 91తో ఒక ట్యాంకుకు 15.9, ఇంకో ట్యాంకుకు 18.2 వచ్చింది. ట్రాఫిక్కు, ఏసీ, వాన ఇంతలా ఆడిస్తుంటే ఆ 0.1కి అర్థమే లేదు. పికప్ పెరిగినట్టు నాకు అనిపించేది మాత్రం నిజం. ఎక్కువ డబ్బు పెట్టాను కాబట్టి అనిపించిందని ఇప్పుడు అనుకుంటాను.

కారణం తెలిశాక పెద్దగా ఆశ్చర్యం వేయలేదు. స్పార్క్ వెలిగించిన మంట వచ్చి తాకేలోపు, సిలిండర్‌లో మిగిలిన మిశ్రమం ఒత్తిడికీ వేడికీ తనంతట తానే భగ్గుమనకుండా ఎంత తట్టుకుంటుందో ఆక్టేన్ నంబరు చెబుతుంది. ఐసో ఆక్టేన్‌కు 100, నార్మల్ హెప్టేన్‌కు 0 ఇచ్చారు. 95 అంటే, పరీక్ష ఇంజనులో ఆ పెట్రోలు 95 పాళ్లు మొదటిది, 5 పాళ్లు రెండోది కలిపిన మిశ్రమంలా ప్రవర్తించిందన్నమాట. లీటరులో ఉండే శక్తికి ఈ నంబరుతో సంబంధం లేదు. ఇథనాల్ కలపని ఏ పెట్రోలైనా లీటరుకు సుమారు 32 మెగాజౌళ్లే. నా ఇంజనుకు 91తోనే నాకింగ్, అంటే మిశ్రమం అలా తనంతట తానే భగ్గుమనడం, రావడం లేదు, ఇక 95లోని అదనపు ఓపికతో దానికేం పని?

ఇక్కడితో ఆగిపోయి ఉంటే "ప్రీమియం అంతా మోసం" అని రాసేసేవాణ్ణి. మా అన్నయ్య కారు నా నోరు మూయించింది. అది చిన్న టర్బో ఇంజను, మాన్యువల్‌లో కనీసం 91, సిఫారసు 95 అని ఉంది. ఈ రెండు మాటలకూ ఎంత దూరమో చాలామంది పట్టించుకోరు. మండు వేసవి, ఐదుగురం, డిక్కీ నిండా సామాను, ట్యాంకులో 91. ఘాట్ రోడ్డు మీద థర్డ్ గేరులో యాక్సిలరేటర్ తొక్కగానే రేకు డబ్బాలో గోళీలు పోసి ఊపినట్టు గలగల. రెండు క్షణాల్లో ఆ చప్పుడు పోయింది, దాంతోపాటే బండి ఊపూ తగ్గింది. "ఒరేయ్, ఏదో ఊడిపోయినట్టుంది, ఆపరా" అన్నాడు అన్నయ్య.

ఏమీ ఊడలేదు. ఇంజను బ్లాకు మీద ఉండే నాక్ సెన్సారు ఆ అదురు పట్టేసి కంప్యూటరుకు చెప్పింది, అది స్పార్క్‌ను కాస్త ఆలస్యం చేసింది. ఇంజను దెబ్బతినకుండా బయటపడింది కానీ, పేలుడు వేళ తప్పితే అదే పెట్రోలుతో పని తక్కువ జరుగుతుంది. అప్పటినుంచి ఆ కారుకూ లెక్క రాశాం. ఊళ్లో మెల్లగా తిరిగినప్పుడు తేడా తెలియలేదు. బరువుతో ఎత్తు ఎక్కిన ప్రయాణాల్లో 91తో 13.1, 95తో 13.6 వచ్చింది, అంటే దాదాపు 4 శాతం తేడా. 95 ధర అంతకంటే ఎక్కువ శాతం పెరిగితే జేబుకు నష్టమే. అయినా అలాంటి ప్రయాణాలకు అన్నయ్య 95కే ఓటేస్తాడు. ఆ గలగల విన్నవాడెవడైనా అంతే.

అంకెలు చూసేటప్పుడు ఒక తిరకాసు ఉంది. చాలా దేశాల్లో పంపు మీద ఉండేది రీసెర్చ్ ఆక్టేన్ నంబరు, అంటే ఆర్‌ఓఎన్. నేను రాసినవన్నీ అవే. అమెరికాలో ఆర్‌ఓఎన్, ఇంకాస్త కఠినమైన పరీక్షలో వచ్చే ఎంఓఎన్ (మోటార్ ఆక్టేన్ నంబరు) రెండింటి సగటు రాస్తారు కాబట్టి అక్కడి 87 దాదాపు ఇక్కడ నేను చెప్పే 91కి సమానం.

మైలేజీని ఆక్టేన్ కంటే ఇథనాలే ఎక్కువ కదిలించింది. ఇథనాల్ ఆక్టేన్ 108 దగ్గర ఉంటుంది, కానీ లీటరులో శక్తి 21 మెగాజౌళ్లే. లెక్క కడితే పది శాతం ఇథనాల్ కలిపిన ఈ10లో సుమారు 3 శాతం, ఇరవై శాతం కలిపిన ఈ20లో 7 శాతం శక్తి తగ్గుతుంది. నంబరు పైకి, మైలేజీ కిందికి! ఇథనాల్ లేని పెట్రోలు నుంచి ఈ10కి మారినప్పుడు నా కారు 17.1 నుంచి 16.6కి దిగింది. ఇంజను దానికి తగ్గట్టు తయారైందా లేదా అని మాన్యువల్ చూసుకోవాలి. పాత బండ్లలో రబ్బరు పైపులను ఇథనాల్ పాడుచేసే సంగతి కూడా ఉంటుంది.

ఆక్టేన్ పెంచే మందు సీసా కూడా ఒకటి వాడాను. "30 పాయింట్లు పెరుగుతుంది" అని దాని మీద ఉంటే 91 కాస్తా 121 అవుతుందేమో అనుకున్నాను. ఆ భాషలో పది పాయింట్లంటే ఒక్క అంకెట! నాలుగు ట్యాంకుల తర్వాత మెకానిక్ ప్లగ్గు తీసి చూపిస్తే పింగాణీ మీద ఇటుక రంగు పొడి పట్టి ఉంది. మాంగనీసు, ఇనుము ఉన్న మందులు వాడితే ఇలాగే అవుతుందన్నాడు. నా దృష్టిలో దండగ. ఇంజెక్టర్లను శుభ్రం చేసే డిటర్జెంట్ ఉన్న పెట్రోలు వేరే సంగతి, దాన్ని కాదనను. దానివల్ల నా మైలేజీ మారిందని మాత్రం పుస్తకంలో ఎక్కడా కనిపించలేదు.

ఒకటి ఒప్పుకోవాలి. నాలుగో ఏడు వరసగా మూడు నెలలు మైలేజీ పడిపోయింది. పెట్రోల్లో కల్తీ ఉందని బంకు వాళ్లతో వాదన పెట్టుకున్నాను, బంకు మార్చాను, 95కి మారాను, అయినా 16 దాటలేదు. చివరికి పంక్చరు వేయించబోతే ఆ కుర్రాడు మిగతా చక్రాలకూ గేజి పెట్టి చూశాడు. 33 ఉండాల్సిన గాలి 26 ఉంది, నాలుగింటికీ. గాలి పట్టించాక రెండు ట్యాంకుల్లో అంకె మామూలైంది. మొహం చెల్లక ఇంకో నెల ఆగి, పాత బంకుకే మళ్లీ వెళ్లాను. "ప్రీమియమా సార్?" అన్నాడు. మామూలుదే కొట్టమన్నాను.