బయట తడవలేదు, లోపల తడిచాను: ఒక వానకోటుతో మూడు నెలలు

మొదటే చెప్పేస్తాను, కోటు మంచిదే. 2,799 రూపాయలు పెట్టినందుకు ఏడవడం లేదు. కాకపోతే ఇది కొనుక్కుని, ఇంక వాన నన్నేం చేస్తుందిలే అని కొండకు బయల్దేరితే ఏమవుతుందో షాపులో ఎవరూ చెప్పరు. నేను తడిచి తెలుసుకున్నాను. కార్తీకంలో కొన్నాను, ఇప్పుడు సంక్రాంతి కూడా వెళ్లిపోయింది, అంటే మూడు నెలలు వాడాక రాస్తున్న మాట ఇది. బ్రాండు పేరు రాయను. ఇవే లెక్కలున్న కోటును కాస్త అటూ ఇటూ ధరకు చాలా కంపెనీలు అమ్ముతున్నాయి, ట్యాగు చదవడం వస్తే పేరుతో పనిలేదు.

మా తిరుపతి సంగతి తెలియనివాళ్లకు ఒక మాట. మాకు వానా చలీ కలిసి వస్తాయి. జూన్, జూలైలో ఎక్కడెక్కడో వానలని టీవీలో చూస్తూ మేం ఉక్కపోతలో కూర్చుంటాం. దీపావళి అటూ ఇటూగా మొదలవుతుంది మా అసలు వాన, ఈశాన్య రుతుపవనాలు, వాటి తోక పట్టుకుని బంగాళాఖాతంలో ఓ వాయుగుండం, ఇంక మూడు రోజులు ముసురు. కపిలతీర్థంలో నీళ్లు దూకుతున్నాయని ఊరంతా చూడ్డానికి పోయేది అప్పుడే. 2021 నవంబర్‌లో పడిన వాన వేరే లెక్క, వీధులు ఏరులయ్యాయి, తిరుమలకు నడిచి ఎక్కే శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని మళ్లీ తెరిచేసరికి 2022 మే వచ్చింది. అలాంటి వానలో బయటికి పొమ్మని ఎవరికీ చెప్పను, దానికి ఏ కోటూ చాలదు. నేను మాట్లాడేది మామూలు ముసురు గురించి. మబ్బు మెట్ల మీదికి దిగి వచ్చి ముందు నడిచేవాళ్ల వీపు కూడా కనబడని ఆ పూటల్లోనే నాకు కొండ ఎక్కాలనిపిస్తుంది. మా అమ్మ దీన్ని పిచ్చి అంటుంది.

ఇన్నేళ్లూ గొడుగు, లేదంటే దారిలో అమ్మే నలభై రూపాయల ప్లాస్టిక్ కోటుతో నెట్టుకొచ్చాను. గొడుగు గాలికి తిరగబడుతుంది. ప్లాస్టిక్ కోటు ఒక్క ప్రయాణానికే చంకలో చిరిగిపోతుంది. ఈసారి బుద్ధిగా మంచిది కొందామని రేణిగుంట రోడ్డు వైపు ఒక షాపుకు పోయాను. అక్కడి అబ్బాయి కోటును గాల్లో దులిపి, "అన్నా, ఇది వేసుకుని బావిలో దూకినా బనియన్ తడవదు" అన్నాడు. ట్యాగు మీద 5,000 మిల్లీమీటర్లు అని ఉంది. అదేందబ్బాయ్ అంటే "అది క్వాలిటీ అన్నా" అన్నాడు. తర్వాత తెలుసుకున్నది చెబుతాను. గుడ్డ మీద గొట్టం నిలబెట్టి అందులో నీళ్లు పోసుకుంటూ పోతే, ఎంత ఎత్తు నీళ్లకు చుక్క అవతలికి దిగుతుందో ఆ లెక్క అది. 5,000 అంటే అయిదు మీటర్ల నీళ్లు. పైనుంచి పడే వానకు అది చాలు. అయితే బ్యాగు పట్టీ భుజాన్ని ఒత్తే చోట, తడి సీటు మీద మనం కూర్చున్న చోట ఒత్తిడి పెరుగుతుంది, అక్కడ దిగుతుంది. నాకు కుడి భుజం మీద దిగింది కూడా.

మొదటి పరీక్ష శ్రీవారి మెట్టు. శనివారం పొద్దున ఆరున్నర, సన్నటి తుంపర, నేనూ నా స్నేహితుడూ. వాడు నలభై రూపాయల కోటు, నేను ఇది, ఆవపిండి రంగు, దూరం నుంచి చూస్తే రోడ్డు పనివాడిలా ఉన్నానని వాడి మొదటి రివ్యూ. శ్రీవారి మెట్టు తెలిసినవాళ్లకు తెలుసు, 2,388 మెట్లు, రెండు కిలోమీటర్ల పైచిలుకు దూరం, అలిపిరి దారిలా మధ్యలో చదును ఉండదు, ఎక్కుతూ పోవడమే. నాలుగు వందల మెట్లు ఎక్కేసరికి కోటు లోపల ఆవిరి. ఇడ్లీ పాత్రలో కూర్చున్నట్టుంది. మోచేతుల దగ్గర అస్తరు చర్మానికి అతుక్కుపోయింది, చెయ్యి ఎత్తితే చప్పుడు చేస్తూ ఊడి వస్తోంది. పైన మాత్రం అబ్బాయి చెప్పినట్టే చేమాకు మీద నీళ్లలా చుక్కలు గుండ్రంగా ఉండలు కట్టి జారిపోతున్నాయి, చూడముచ్చటగా ఉంది. పైకి చేరి కోటు విప్పితే బనియన్ పిండచ్చు. వాడూ అంతే తడిచాడు. "నీ రెండు వేల ఎనిమిది వందలకూ నా నలభైకీ తేడా ఏంది మామా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

అంతటితో అయిపోలేదు. తిరుమల దగ్గర దగ్గర 850 మీటర్ల ఎత్తులో ఉంది, కింద కంటే నాలుగైదు డిగ్రీలు తక్కువ, మబ్బులో గాలి కూడా ఉంటే ఇంకా తక్కువ అనిపిస్తుంది. ఎక్కేటప్పుడు పొయ్యిలా కాలిన ఒళ్లు ఆగిన పది నిమిషాల్లో వణుకు మొదలుపెట్టింది. గాలి కంటే నీళ్లు ఒంటి వేడిని ఇరవై రెట్లకు పైగా వేగంగా లాగేస్తాయి, తడి బనియన్ చేసే పని అదే. పొడి చొక్కా తెచ్చుకోలేదా అంటే తెచ్చుకున్నాను. బ్యాగులో పెట్టాను. ఆ బ్యాగును కింద సామాను కౌంటర్లో ఇచ్చేశాను, వాళ్లు వాహనంలో పైకి చేరుస్తారు కదా అని. అది తీసుకునే దాకా పళ్లు కొట్టుకుంటూ నిలబడ్డాను. తప్పు నాదే, ఎవరినీ అనడానికి లేదు.

ఇంటికొచ్చి కోటుకు ఒకటే నక్షత్రం ఇద్దామనుకుని, కోపంగా దాన్ని తాడు మీద ఆరేస్తుంటే కనబడ్డాయి, రెండు చంకల కింద జానెడు జానెడు జిప్పులు. గుడ్డ రంగులోనే ఉండటంతో మూడు వారాలు నా కంట పడలేదు. షాపు అబ్బాయికీ తెలిసినట్టు లేదు. ఈ కోటుకు ప్రాణం అవే అని ఇప్పుడు అంటాను.

ఎందుకంటే ఇలాంటి కోట్ల మీద 'ఊపిరాడుతుంది' అన్నట్టు ఇంకో లెక్క రాసి ఉంటుంది, ఒక రోజులో చదరపు మీటరు గుడ్డ గుండా ఎన్ని గ్రాముల చెమట ఆవిరి బయటికి పోతుందని. అది అబద్ధం కాదు. అయితే ఆవిరి లోపల ఎక్కువ, బయట తక్కువ ఉన్నప్పుడే గుడ్డ గుండా పోతుంది. మంచు కురిసే దేశాల్లో బయటి గాలి చల్లగా, ఆవిరి తక్కువగా ఉంటుంది, లోపలిది సులువుగా బయటపడుతుంది. మన ముసురులో బయట ఇరవై రెండు, ఇరవై మూడు డిగ్రీలు, గాలి మొత్తం నీళ్లే, ఇంక ఆవిరి ఎక్కడికి పోతుంది? ఆ లెక్క చూసి వెయ్యి రూపాయలు ఎక్కువ పెట్టే బదులు జిప్పులున్న కోటు చూసుకోవడం మేలు. ఆ తర్వాత రెండుసార్లు చంక జిప్పులు పూర్తిగా తెరిచి, ముందు జిప్పు రొమ్ము దాకా దించి ఎక్కాను. చెమట పట్టలేదని చెప్పను, ఇడ్లీ పాత్ర మాత్రం కాలేదు.

లోపల వేసుకునేది మార్చడం ఇంకా పెద్ద తేడా చేసింది. నూలు బనియన్ మానేసి, క్రికెట్ ఆడే పిల్లలు వేసుకునే పాలిస్టర్ టీషర్టు, మూడు వందలది, వేశాను. తడుస్తుంది కానీ నీళ్లు పట్టుకుని కూర్చోదు. ఒక పొడి బనియన్, చిన్న తువ్వాలు ప్లాస్టిక్ కవర్లో ముడివేసి కోటు లోపలి జేబులో పెట్టుకుంటాను, సామాను కౌంటర్లో ఇవ్వను. పైకి చేరగానే, వణుకు రాకముందే మార్చేస్తాను. ఉన్ని సంగతి మా తాతకు ఎప్పుడో తెలుసు. ముసురు పట్టిందంటే గొర్రెల కాపరి దగ్గర కొన్న నల్ల కంబళి కప్పుకుని మడికి పోయేవాడు, తడిచి మణుగు బరువయ్యేది, గొర్రె వాసన ఇల్లంతా కొట్టేది, అయినా లోపల వెచ్చగానే ఉందనేవాడు. ఉన్ని తడిచినా కొంత వేడి నిలుపుతుంది, నూలు నిలపదు.

అలిపిరి వైపు అమ్మతో కలిసి ఎక్కాను. 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్లు, కానీ చాలా భాగం పైకప్పు ఉంది కాబట్టి అక్కడ కోటు అవసరం తక్కువ, గాలికి పక్కనుంచి కొట్టే జల్లుకే. గాలిగోపురం దాటాక, జింకల పార్కు తర్వాత ఘాట్ రోడ్డు వెంట నడిచే చోట మాత్రం పనిపడింది. అక్కడ తెలిసింది ఈ కోటు అసలు లోపం, టోపీ. ముందు అంచుకు గట్టి పట్టీ లేదు, తడవగానే వాలి కళ్ల మీదికి వస్తుంది, తల తిప్పితే టోపీ తిరగదు, మన చెంప దాని లోపలి గుడ్డను చూస్తుంది. పక్కన బస్సు వస్తోందో లేదో చూడాలంటే ఒళ్లంతా తిరగాలి. లోపల ఒక మామూలు క్రికెట్ టోపీ పెట్టుకుంటే దాని అంచు దీన్ని ఎత్తిపట్టుకుంటుంది. అదే నా రిపేరు.

కాళ్ల సంగతి చాలామంది అడుగుతారు. కొండ మెట్లు చెప్పుల్లేకుండా ఎక్కేవాళ్లం మనం, వాటర్‌ప్రూఫ్ బూట్ల గొడవ లేదు. తడి రాయి మీద ఒట్టి పాదమే నయం, పాచి ఉన్న అంచులు తప్పించుకుని మెట్టు మధ్యలో అడుగేస్తే చాలు. జతగా అమ్మే వాన ప్యాంటు, ఇంకో 1,299, నేనూ కొన్నాను, మోకాళ్ల పర్వతం దగ్గర మెట్టు మెట్టుకూ మోకాలిని వెనక్కి లాగింది. విప్పేసి పంచె ఎగ్గట్టాను. గుడ్డ తడిస్తే ఆరదు, కాలు తడిస్తే అదే ఆరుతుంది. ఆ ప్యాంటు బండి మీద పోయేటప్పుడు మాత్రం కావాలి, కోటు ఒక్కటే వేసుకుని బండి నడిపితే నీళ్లన్నీ జారి ఒడిలో చేరతాయి, గమ్యం చేరాక ఆఫీసులో నలుగురిముందు నడవాలంటే సిగ్గు.

మదనపల్లె దగ్గర హార్స్లీ హిల్స్‌కు, అంటే మా పెద్దవాళ్లు ఏనుగు మల్లమ్మ కొండ అనే చోటికి, డిసెంబర్‌లో పోయాం. 1,265 మీటర్ల ఎత్తు, సాయంత్రం మంచు, చినుకులు, గాలి. లోపల ఒక పలచటి స్వెట్టర్, పైన ఈ కోటు, జిప్పులన్నీ మూసి. మెట్లు ఎక్కే పని లేదు, చెమట లేదు, నిలబడి లోయ చూడటమే. అక్కడ ఈ కోటు రాజు. గాలి ఒక్క చోట కూడా దూరలేదు. ఉడకబెట్టిన చెనక్కాయల పొట్లం వేడి వేడిగా జేబులో పోసుకుంటే ఆ జేబే చేతికి కుంపటి. జేబులు లోతుగా, పై రెప్పతో ఉన్నాయి, అది నాకు బాగా నచ్చింది. తలకోనలో మాత్రం జలపాతం దారిలో ముళ్లకంప ఒకటి మోచెయ్యి దగ్గర గీరింది, చిన్న బొక్క పడింది, అతికించే పట్టీతో సరిపోయింది. అడవిలో తోసుకుని పోయేవాళ్లకు ఇంత పలుచటి గుడ్డ కుదరదు.

ఇంకొక్క గొడవ. మా ఇంట్లో దీన్ని దుప్పట్లతో కలిపి మెషీన్లో వేసి, వాసన కోసం పోసే కండిషనర్ కూడా పోశారు. తర్వాతి వానకు చేమాకు కాస్తా తువ్వాలైంది, పై గుడ్డ నీళ్లు పీల్చి బరువెక్కింది. కొత్త కోటు పాడైపోయిందని ఒక రాత్రంతా బాధపడ్డాను. కొద్దిగా ద్రవ సబ్బుతో చేత్తో ఉతికి, రెండుసార్లు బాగా జాడించి, ఆరాక పైన నూలు గుడ్డ పరిచి తక్కువ వేడితో ఇస్త్రీ చేస్తే మళ్లీ చుక్కలు ఉండలు కట్టాయి. నీళ్లను ఉండలు కట్టించే పూత ఒకటి గుడ్డ మీద ఉంటుంది, వేడికి అది మళ్లీ పని మొదలుపెడుతుందట. మీ ట్యాగు మీద ఇస్త్రీ కొట్టేసిన గుర్తు ఉంటే మాత్రం చెయ్యకండి.

సైజు ఒకటి పెద్దది తీసుకోండి, స్వెట్టర్ పట్టాలి కదా, నాకు ఎల్ బిగుతైంది. మార్చుకుందామని పోతే బిల్లు మీద ఏడు రోజులే ఉందన్నారు, నాకు ఎనిమిదో రోజు. అయిదుకు నాలుగు నక్షత్రాలు, టోపీకి ఒకటి కోత.

పోయిన శనివారం మళ్లీ ముసురు పట్టింది. పొద్దున లేచి చూస్తే కొక్కేనికి కోటు లేదు. అమ్మ వేసుకుని నలుగురితో కలిసి అలిపిరికి వెళ్లిపోయింది, ఎల్ ఆమెకు సరిగ్గా సరిపోతుందట, చంక జిప్పులు కూడా తెరుచుకుని మరీ. నేను నలభై రూపాయలది కొనుక్కుని వెనకాలే ఎక్కాను.