రెండోసారీ నన్ను కూర్చోబెట్టిన సినిమాలు

సినిమా గురించి నా అభిప్రాయం మొదటిసారి చూసినప్పుడు ఖాయం కాదు. మొదటిసారి కథ లాక్కుపోతుంది, తర్వాత ఏమవుతుందో అన్న టెన్షన్‌లో సగం చూస్తాం, సగం వదిలేస్తాం. కొన్ని నెలలు ఆగి ఇంట్లో తీరిగ్గా మళ్లీ చూస్తే అసలు విషయం బయటపడుతుంది. కథ ముందే తెలుసు కాబట్టి నా చూపు హీరో మీద నుంచి జరిగి పక్కనున్నవాళ్ల మీదికి పోతుంది. భార్య ఏం చేస్తోంది, కానిస్టేబుల్ ఎటు చూస్తున్నాడు, వెనక కుర్చీలో కూర్చున్న ముసలాయన నిజంగా వింటున్నాడా? ఆ మనుషులకు కూడా ప్రాణం ఉంటే ఆ సినిమా నాకు నిలిచిపోతుంది. ఈ మధ్య అలా రెండోసారి చూసిన సినిమాల గురించి రాస్తున్నాను. కథలో మలుపులు కొన్ని చెప్పక తప్పదు, చూడనివాళ్లు ఆ పేరాలు దాటేయండి.

ముందు ‘లక్కీ భాస్కర్’. 2024 దీపావళికి వచ్చింది, వెంకీ అట్లూరి రాసి తీసిన సినిమా. బొంబాయిలో ఒక బ్యాంకు క్యాషియర్, చుట్టూ అప్పులు, రావాల్సిన ప్రమోషన్ రాదు. అక్కడి నుంచి మొదలై 1992లో బయటపడ్డ సెక్యూరిటీల కుంభకోణం దాకా కథ సాగుతుంది. దుల్కర్ సల్మాన్ నేరుగా మనవైపు చూసి మాట్లాడుతూ కథ చెబుతాడు. మొదటిసారి చూసినప్పుడు ఆ చొరవ వల్లే భాస్కర్ పక్షాన చేరిపోయాను. తప్పు చేస్తున్నాడని తెలిసీ దొరక్కూడదనే కోరుకున్నాను. థియేటర్లో అందరూ అదే మూడ్‌లో ఉన్నారు.

రెండోసారి ఆ లెక్కలు అర్థం చేసుకుంటూ చూశాను. బ్యాంకు రసీదు అనే కాగితం ఈ కథకు గుండెకాయ. ఒక బ్యాంకు ప్రభుత్వ బాండ్లు అమ్మితే, ఆ బాండ్లు చేతికి అందేలోపు వాటి బదులు ఒక రసీదు ఇస్తుంది. ఆ రసీదును నమ్మి అవతలి బ్యాంకు డబ్బు ఇస్తుంది. అసలు బాండ్లే లేకుండా రసీదు మాత్రం పుట్టిస్తే? మధ్యలో ఉన్న బ్రోకరు చేతికి కోట్లు వస్తాయి, అవి షేర్ మార్కెట్‌లోకి పోతాయి. షేర్ బ్రోకరు హర్షద్ మెహతా కాలంలో జరిగింది ఇదే. ఇంత పొడి విషయాన్ని మామూలు ప్రేక్షకుడికి విసుగు రాకుండా చెప్పడం చిన్న పని కాదు. బాగా వేగంగా చెప్పారు, మొదటిసారి సగమే అందింది, అయినా కథకు అడ్డం రాలేదు. రెండోసారి ఆపి ఆపి చూసుకుంటే లెక్క కుదురుతోంది.

అయితే ఈసారి నన్ను పట్టుకున్నది భాస్కర్ భార్య సుమతి పాత్ర. మీనాక్షి చౌదరికి పెద్ద పెద్ద సీన్లేమీ లేవు. కానీ డబ్బు పెరిగేకొద్దీ భర్త మాటతీరు ఎలా మారుతోందో ముందు ఆమె ముఖంలో తెలుస్తుంది, మనకు తర్వాత తెలుస్తుంది. డబ్బు లేని రోజుల్లో ఆమె భర్తతో నిలబడిన తీరు, డబ్బు వచ్చాక ఒక అడుగు వెనక్కి వేసిన తీరు పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిసారి ఆ అడుగు నా కంట్లో పడలేదు. జీవీ ప్రకాశ్ నేపథ్య సంగీతం భాస్కర్ గెలిచినప్పుడల్లా మోగిపోతుంది, సుమతి దగ్గర మాత్రం తగ్గుతుంది. చివర్లో భాస్కర్ తప్పించుకునే పద్ధతి నాకు ఇప్పటికీ మరీ సులువుగా అనిపిస్తుంది. అంత పెద్ద వ్యవహారంలో ఒక్కడికి అన్నీ అలా కలిసిరావడం కథకుడి దయ. అయినా సరే, ఎవరైనా ఏదైనా మంచి సినిమా చెప్పమంటే ముందు ఇదే చెబుతున్నాను.

‘కోర్ట్’ 2025 మార్చిలో వచ్చింది, రామ్ జగదీశ్‌కు మొదటి సినిమా. పంతొమ్మిదేళ్ల చందు, పదిహేడేళ్ల జాబిల్లి, వాళ్ల మధ్యకు వచ్చిన పోక్సో కేసు, అంటే పిల్లలపై లైంగిక నేరాల చట్టం కింద పెట్టిన కేసు. కథ 2013లో జరుగుతుంది, అంటే ఆ చట్టం అమల్లోకి వచ్చిన కొత్తలో. పద్దెనిమిది నిండని వాళ్లందరూ చట్టం దృష్టిలో పిల్లలే, కాబట్టి అమ్మాయి ఇష్టపడిందన్న మాటకు అక్కడ విలువ ఉండదు. పైగా కొన్ని నేరాల్లో నిందితుడే తన నిర్దోషిత్వం రుజువు చేసుకోవాలి. పిల్లల్ని కాపాడటానికి అవసరమైన చట్టం అది, అందులో నాకు రెండో మాట లేదు. అదే చట్టం పగబట్టిన పెద్దమనిషి చేతిలో పడితే ఏమవుతుందో సినిమా చూపిస్తుంది.

ఆ పెద్దమనిషి జాబిల్లి ఇంట్లో పెత్తనం చేసే మంగపతి. శివాజీ ఆ పాత్ర చేశాడనడం కన్నా ఆ ఇంట్లో కాపురం ఉన్నాడనాలి. మొదటిసారి అతని అరుపులకు భయపడ్డాను. రెండోసారి అతను అరవని చోట్ల భయం వేసింది. అతను గదిలోకి అడుగు పెట్టగానే ఆడవాళ్లు మాట ఆపేస్తారు, చూపులు కిందికి దించుతారు, ఎవరు ఎక్కడ నిలబడాలో ముందే తెలిసినట్టు సర్దుకుంటారు. ఆ సర్దుకోవడం చూస్తే చాలు, ఆ ఇంట్లో ఎన్నేళ్లుగా ఏం జరుగుతోందో తెలిసిపోతుంది. దర్శకుడు దాన్ని మాటల్లో చెప్పకుండా వదిలేసినందుకు ఆయనకు దండం పెట్టాలనిపించింది. చందు తరఫు లాయరుగా ప్రియదర్శి కోర్టులో తడబడుతూ మొదలై నిలదొక్కుకోవడం చాలా బాగుంది. సీనియర్ లాయరుగా సాయికుమార్ తక్కువ మాట్లాడి ఎక్కువ పని చేశారు.

ఒక్క లోటు రెండోసారి గట్టిగా తగిలింది. అవతలి పక్షం లాయరు వాదన బలహీనంగా ఉంది. ప్రాసిక్యూషన్ కూడా మనల్ని ఒక్క క్షణం ఒప్పించగలిగితే గెలుపు ఇంకా బరువుగా ఉండేది. చివరి ప్రసంగం కూడా కొంచెం పొడవైంది. కానీ ఈ చట్టం గురించి పిల్లలకు ముందే ఎవరూ చెప్పడం లేదన్న బాధ అందులో నిజాయితీగా ఉంది. ఇంట్లో టీనేజ్ పిల్లలున్నవాళ్లు వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చూడాల్సిన సినిమా ఇది.

ఇక మలుపులున్న సినిమాలు. మలుపు తెలిశాక ఇంకేం మిగులుతుందన్నది వీటికి అసలు పరీక్ష. ‘మహారాజ’ అందులో నెగ్గింది. విజయ్ సేతుపతి చేసిన క్షురకుడు పోలీస్ స్టేషన్‌కు వెళ్లి, మా లక్ష్మి పోయింది, వెతికిపెట్టండి అంటాడు. లక్ష్మి అంటే చెత్తడబ్బా. ఒకప్పుడు తన కూతురి ప్రాణం కాపాడిన డబ్బా అది. మొదటిసారి పోలీసులతో పాటు నేనూ అయోమయంలో పడ్డాను, నవ్వాను కూడా. నితిలన్ స్వామినాథన్ కాలాన్ని ముక్కలు చేసి కలిపిన పద్ధతి వల్ల చివరి అరగంట ఊపిరి ఆగింది.

అంతా తెలిసి మళ్లీ చూస్తే స్టేషన్ సీన్లు వేరే సినిమాలా ఉన్నాయి. ఆ మనిషి ఏ కడుపుకోతతో అక్కడ కూర్చున్నాడో తెలిసినప్పుడు అతని నిదానం భరించలేం. కొడుతున్నా, తిడుతున్నా అదే మాట, అదే గొంతు. నవ్విన చోటల్లా ఈసారి గొంతు పట్టేసింది. పోలీసుల్లో ఒక్కొక్కరు ఎప్పుడు మారుతున్నారో గమనించండి, ముఖాలు ఒక్కసారిగా కాకుండా మెల్లగా మారతాయి. కొన్ని హింసాత్మక దృశ్యాలు మాత్రం నేను రెండోసారి దాటవేశాను. మనసు గట్టిది కాకపోతే మీరూ అదే చేయండి.

‘హాయ్ నాన్న’లోనూ ఒక రహస్యం ఉంది. నాని తన కూతురికి తల్లి కథ చెబుతుంటే పక్కనున్న మృణాల్ ఠాకూర్ ఆ తల్లి స్థానంలో తనను ఊహించుకుంటుంది. ఆ ఊహ ఎందుకు అంత సరిగ్గా సరిపోయిందో ఇంటర్వెల్ దగ్గర తెలుస్తుంది. రెండోసారి చూస్తే నాని కథ చెప్పేటప్పుడు ఎక్కడ తడుముకుంటున్నాడో, ఎవరి కళ్లు తప్పించుకుంటున్నాడో తెలుస్తుంది. అక్కడి వరకు చాలా నచ్చింది. రెండో సగంలో మాత్రం అందరూ మరీ మంచివాళ్లు, మరీ తియ్యగా మాట్లాడతారు. పాప కియారా ఖన్నా వల్ల గట్టెక్కింది. హేషమ్ అబ్దుల్ వహాబ్ పాటలు సినిమా కన్నా ఎక్కువసార్లు విన్నాను.

‘సరిపోదా శనివారం’ పూర్తిగా మళ్లీ చూడలేదు. దాదాపు మూడు గంటల సినిమా, వారానికి ఒక్కరోజే కోపం తెచ్చుకునే హీరో అన్న ఆలోచన కొత్తగా ఉన్నా అంత నిడివిని మోయలేకపోయింది. నేను తిరిగి వెళ్లేది ఎస్.జె.సూర్య కోసమే. సీఐ దయానంద్‌గా ఆయన, అతని అన్నగా మురళీ శర్మ ఎదురెదురుగా ఉన్న ప్రతి సీనూ ఎన్నిసార్లైనా చూడొచ్చు. అన్న మీద కోపం వస్తే ఊళ్లో దిక్కులేనివాళ్లను కొట్టే పోలీసాయన! వివేక్ ఆత్రేయ ఆ పాత్రను ఎంత ప్రేమగా రాసుకున్నాడో తెలుస్తూనే ఉంటుంది.

‘కల్కి 2898 ఏడీ’ మొదటిసారి పెద్ద తెర మీద చూసి పరవశించిపోయాను. కురుక్షేత్రం, శాపం పొందిన అశ్వత్థామ, వేల ఏళ్ల తర్వాత అదే మనిషి చీకటి గుడిలోంచి లేచి నిలబడటం. తెలుగులో ఈ స్థాయి ఊహ చూస్తానని అనుకోలేదు. ఇంట్లో చిన్న తెర మీద చూస్తే మొదటి గంట బాగా నెమ్మదించింది. ప్రభాస్ చేసిన భైరవ, అతని మాట్లాడే కారు బుజ్జి కబుర్లు రెండోసారికి పలచబడ్డాయి. కాశీలో నీళ్ల కోసం, పైన ఉన్నవాళ్లు సుఖంగా బతికే కాంప్లెక్స్‌లోకి ఎక్కడం కోసం అల్లాడే జనం తెర నిండా ఉన్నారు, కానీ వాళ్లలో ఒక్కరి ఇంటికీ సినిమా వెళ్లదు. తిరుగుబాటుదారులు దాక్కున్న శంభలలో శోభన, కైరాగా అన్నా బెన్ కొద్దిసేపే ఉన్నా మనుషుల్లా ఉన్నారు. రెండో భాగంలో నాగ్ అశ్విన్ అలాంటివాళ్లకు ఇంకొంచెం చోటివ్వాలని గట్టిగా కోరుకుంటున్నాను. అమితాబ్ మాత్రం ఏ తెర మీదైనా కొండే. ఎనభై దాటిన నటుడు అంత బరువైన పాత్రను మోస్తుంటే మిగతా లోపాలన్నీ పక్కకు పోతాయి.

‘35 చిన్న కథ కాదు’ ఎక్కువమంది థియేటర్లో వదిలేసిన సినిమా, నాకు మాత్రం చాలా దగ్గరైంది. తిరుపతిలో అరుణ్ అనే పిల్లాడు. లెక్కలు రావు. రావు అంటే మొద్దు కాదు, అతనికి ఒక ప్రశ్న అడ్డుపడింది. సున్నాకు విలువ లేదంటారు, మరి ఒకటి పక్కన పెడితే పది ఎలా అవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా అందరూ చేయమంటారు. పదుల స్థానంలో ఒకటి నిలబడాలంటే ఒకట్ల స్థానంలో ఏమీ లేదని చెప్పే గుర్తు ఒకటి ఉండాలి, ఆ ఖాళీని పట్టుకుని నిలబడేదే సున్నా. ఇది ఎవరో ఒకరు కూర్చుని చెబితే పిల్లాడి చదువే మారిపోతుంది. పదో తరగతి తప్పిన తల్లి సరస్వతి కొడుకు కోసం మళ్లీ పుస్తకం పట్టుకుంటుంది. నివేదా థామస్‌కు ఈ పాత్రకు తెలంగాణ గద్దర్ అవార్డుల్లో ఉత్తమ నటి పురస్కారం వచ్చింది, న్యాయంగా వచ్చింది.

రెండోసారి నేను చూసింది లెక్కల మాస్టారు చాణక్య వర్మను. ప్రియదర్శి చేశాడు. పిల్లల్ని పేర్లతో పిలవడు, వచ్చిన మార్కులతో పిలుస్తాడు. అరుణ్ అతనికి జీరో. సులువుగా విలన్ని చేసేయొచ్చు. కానీ ఆ మనిషికి లెక్కలంటే నిజమైన భక్తి, తన పద్ధతే సరైనదన్న నమ్మకం. పిల్లాడు ప్రశ్న అడిగినప్పుడు అతని ముఖంలో కోపం కన్నా ముందు ఒక చిన్న ఇబ్బంది కదులుతుంది. ఆ క్షణం కోసం వెనక్కి జరిపి మళ్లీ చూశాను. అలాంటి మాస్టార్లు మన అందరికీ ఉన్నారు, మనం వాళ్లను ఇంత ఓపిగ్గా ఎప్పుడూ చూడలేదు. వివేక్ సాగర్ సంగీతం కూడా పిల్లల మీద జాలి పుట్టించే ప్రయత్నం చేయదు, పక్కనే నడుస్తుంది.

పాతదైనా ఈ మధ్యే మళ్లీ చూసింది ‘బలగం’. 2023లో వేణు ఎల్దండి తీశాడు. తాత కొమురయ్య చనిపోతాడు, మనవడు సాయిలుకు అప్పులు, నిశ్చితార్థం ఆగిపోతుందన్న దిగులు. పిట్టకు పెట్టిన ముద్ద కాకి ముట్టదు. ఎందుకు ముట్టడం లేదన్నదే కథ. మొదటిసారి అందరిలాగే చివర్లో కొమురమ్మ, మొగిలయ్య దంపతుల పాట దగ్గర ఏడ్చేశాను. ఊళ్లలో జనం ఒక్కచోట చేరి తెర కట్టుకుని చూశారంటే ఆ పాట వల్లే అని అప్పట్లో అనుకున్నాను.

ఇప్పుడు ఏడుపు చాలా ముందే వచ్చింది. మొదట్లో కొమురయ్య ఊళ్లో తిరుగుతూ కనిపించిన ప్రతివాళ్లనూ ఆటపట్టిస్తాడు. కొద్ది నిమిషాలే, తర్వాత ఆయన ఉండడు. పోతాడని తెలిసి చూస్తే ఆ నవ్వులు తట్టుకోవడం కష్టం. ఊళ్లో అందరినీ పలకరించుకున్న ఆ మనిషి ఇంట్లో మాత్రం కొడుకూ అల్లుడూ మాట్లాడుకోరు, ఏళ్ల కిందట ఒక నల్లి బొక్క, అంటే మాంసంలోని మూలుగ ఎముక దగ్గర మొదలైన అలక. నవ్వొచ్చే కారణం. కానీ అల్లుడు నారాయణగా మురళీధర్ గౌడ్ ముఖం చూడండి, ఆయన దృష్టిలో అది బొక్క గొడవ కాదు, అత్తింట్లో తన స్థానం గొడవ. అందుకే ఆయన మీద కోపం రాదు. ఆయన భార్య తండ్రి శవం దగ్గర ఉండాలా, భర్త వెంట వెళ్లాలా తేల్చుకోలేక నిలబడిపోవడం మొదటిసారి నేను పట్టించుకోనే లేదు. ఇప్పుడు ఈ సినిమా పేరు చెప్పగానే నాకు గుర్తొచ్చేది ఆమే. ‘ఊరు పల్లెటూరు’ పాటకు కాసర్ల శ్యామ్‌కు జాతీయ అవార్డు వచ్చినప్పుడు మా ఇంట్లోవాళ్లకే వచ్చినంత సంతోషం కలిగింది.

‘లిటిల్ హార్ట్స్’ ఒక్కసారే చూశాను కాబట్టి దాని గురించి గట్టిగా చెప్పను. ఎంసెట్‌లో ర్యాంకు రాక లాంగ్ టర్మ్ కోచింగ్‌లో చేరిన కుర్రాడి ప్రేమకథ, మౌళి ఉన్నంతసేపూ నవ్వుతూనే ఉన్నాను. సాయి మార్తాండ్ చాలా తేలిగ్గా నడిపించాడు. నవ్వుల మధ్య తండ్రిగా రాజీవ్ కనకాల దగ్గర ఇంకేదో ఉందని అనిపించింది, ఆ గోలలో సరిగ్గా అందలేదు. కొన్నాళ్లు ఆగి మళ్లీ పెట్టుకుంటాను, ఈసారి ఆయన్నే చూస్తాను.