పెనాంగ్‌లో షిప్పు వాళ్ళ టూర్ దండగ, గేటు దాటి బయటికి నడవండి

సింగపూర్ నుంచి క్రూజ్ ఎక్కబోయేవాళ్ళకి ముందే చెప్పేస్తున్నా, మలేషియాలోని పెనాంగ్‌లో షిప్పు వాళ్ళు అమ్మే టూర్ కొనకండి. పెద్దవాళ్ళకి తలకి 79 అమెరికా డాలర్లు, పిల్లలకి 69. మేం నలుగురం, నేను, మా ఆయన, అత్తగారు, ఐదో క్లాసు చదివే మా వాడు. మొత్తం 306 డాలర్లు, మాకు పడిన రేటులో 25,700 రూపాయలు. ఒక్క పూటకి!

డబ్బు సంగతి అలా ఉంచండి, నాకు ఒళ్ళు మండింది ఆ టూర్ కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయి మాటలకి. మేం సొంతంగా తిరుగుతాం అనగానే మొహం అదోలా పెట్టి, బయట టాక్సీలు దొరకవు మేడమ్, పోర్టు దగ్గరికి గ్రాబ్ (అక్కడి ఊబర్‌లాంటి టాక్సీ యాప్) రాదు, పెద్దావిడ ఉన్నారు కదా, లేటైతే షిప్పు ఆగదు మరి అని ఒకటే భయపెట్టడం. ఇందులో చివరిది ఒక్కటే నిజం. షిప్పు టూర్‌లో వెళ్తే బస్సు లేటైనా షిప్పు ఆగుతుంది, సొంతంగా వెళ్తే ఆగదు, మనం విమానమో బస్సో పట్టుకుని తర్వాతి ఊరికి మన ఖర్చుతో చేరుకోవాలి. మిగతావన్నీ అమ్ముకోడానికి చెప్పే మాటలు. కానీ మాతోనే వచ్చిన మా వదిన, అన్నయ్యగారు భయపడిపోయారు, అప్పటికప్పుడు పెనాంగ్‌కీ, దాని తర్వాత షిప్పు ఆగే థాయ్‌లాండ్ ఫుకెట్‌కీ రెండిటికీ కలిపి కట్టేశారు. కాంబోలో 10 శాతం తగ్గించారట, వదిన ఆ సంతోషంలో ఉంది.

సింగపూర్‌లో ఎక్కడం, మొదటి రోజు సముద్రం మీద, అంతా బానే గడిచింది, షిప్పులో ఇండియన్ వెజ్ కౌంటర్‌లో రెండు పూటలా అదే పనీర్ అని అత్తగారి మూడ్ మాత్రం పాడైంది. వీసాల గురించి ఒక ముక్క. మలేషియాకి 2023 డిసెంబర్ నుంచి మన పాస్‌పోర్టుకి 30 రోజులదాకా వీసా లేదు, ఆన్‌లైన్‌లో వాళ్ళ అరైవల్ కార్డు నింపితే చాలు, మేం బెంగళూరులోనే నింపుకుని వెళ్ళాం. సింగపూర్‌కి మాత్రం వీసా కావాలి, అదీ మల్టిపుల్ ఎంట్రీ ఉందో లేదో చూసుకోండి, ఎందుకంటే క్రూజ్ అయ్యాక మళ్ళీ సింగపూర్‌లోనే దిగుతారు.

పెనాంగ్‌లో పొద్దున 8కి ఆగింది, సాయంత్రం 4:30కల్లా అందరూ ఎక్కేయాలి. షిప్పు ఆగేది స్వెట్టెన్‌హామ్ పియర్ దగ్గర. ఇది ఊరికి దూరంగా ఎక్కడో కంటెయినర్ల మధ్య ఉన్న రేవు కాదు, పెనాంగ్ ముఖ్య పట్టణం జార్జ్‌టౌన్ నడిబొడ్డున ఉంది. గేటు దాటి రోడ్డు మీదకి రాగానే తెల్లటి గడియార స్తంభం, విక్టోరియా రాణి పాలనకి 60 ఏళ్ళు నిండాయని 1897లో తలపెట్టింది, ఏడాదికి ఒక అడుగు లెక్కన 60 అడుగులు. దాని పక్కనే కార్న్‌వాలిస్ కోట. ఫ్రాన్సిస్ లైట్ అనే ఇంగ్లీషు వాడు 1786లో దిగింది ఇక్కడే. అక్కణ్ణుంచి లిటిల్ ఇండియా నడిచినా పది నిమిషాలు. 2008లో యునెస్కో వాళ్ళు గుర్తించిన పాత ఊరంతా ఈ చుట్టుపక్కలే. అంటే పెనాంగ్ హిల్ అనే కొండ ఎక్కాలని లేకపోతే మీకు ఏ బండీ అక్కర్లేదు, కాళ్ళుంటే చాలు. ఈ మాట ఆ కౌంటర్ అమ్మాయి ఒక్కసారి కూడా చెప్పలేదు చూడండి.

గేటు బయట టాక్సీ వాళ్ళు మూగుతారు, లామినేట్ చేసిన ఫొటోలు పట్టుకుని. ఒకాయన నాలుగు గంటలకి 300 రింగిట్ (మలేషియా డబ్బు) అన్నాడు. మా ఆయన మొహమాటస్తుడు, ఆలోచిస్తున్నట్టు నిలబడ్డాడు, నేను చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళా. పది అడుగులు వేసేసరికి 240, రోడ్డు దాటేసరికి 180. గ్రాబ్ లోపలికి రాదు అని ఆయన కూడా అదే పాట. లోపలికి రాకపోతే ఏం, గడియార స్తంభం దగ్గర నిలబడి బుక్ చేస్తే నాలుగు నిమిషాల్లో కారొచ్చింది. పెనాంగ్ హిల్ కింది స్టేషన్‌దాకా 18 రింగిట్. అప్పుడు రింగిట్ 19 రూపాయలు, అంటే 342 రూపాయలకి ఏసీ కారు, డ్రైవర్ పెట్టెలు పెట్టుకునే చోటు తెరిచి అత్తగారి మడత కుర్చీ తనే పెట్టాడు. మీటర్ మీద యాభై ఇవ్వమని, ఎక్కాక మళ్ళీ ఇంకో ఇరవై అనీ గొడవపెట్టే మా బెంగళూరు మారతహళ్ళి ఆటోల్లాగా ఉంటుందేమో అని నేను చిల్లర విడిగా పట్టుకుని కూర్చున్నా, దిగాక ఆయన యాప్‌లో ఉన్నదే తీసుకుని థాంక్యూ ఆంటీ అన్నాడు అత్తగారితో. ఆవిడ ఆ రోజంతా ఆ కుర్రాణ్ణి మెచ్చుకుంటూనే ఉంది.

గ్రాబ్ యాప్ ఇండియాలోనే డౌన్‌లోడ్ చేసి మీ నంబర్‌కి ఓటీపీ తెప్పించుకుని పెట్టుకోండి, అక్కడికెళ్ళి మొదలుపెడితే తలనొప్పి. పేమెంట్ క్యాష్ అని పెట్టుకోవచ్చు. నెట్ కోసం మేం ఇక్కడే ఈసిమ్ కొన్నాం, 600 పడింది. షిప్పులో వైఫై రేటు చూస్తే కళ్ళు తిరుగుతాయి, ఆ ఊసే వద్దు. ఇంకా చవగ్గా వెళ్ళాలంటే జెట్టీ బస్ స్టేషన్ నుంచి 204 నంబర్ బస్సు నేరుగా కొండ కిందకి వెళ్తుంది, కాకపోతే చిల్లర వెనక్కివ్వరు, సరిగ్గా లెక్కపెట్టి వేయాలి, టైమూ ఎక్కువ పడుతుంది. పాత ఊళ్ళో తిరగడానికి క్యాట్ అని ఫ్రీ బస్సు కూడా ఉంది. కుర్రాళ్ళయితే బస్సులో వెళ్ళండి, మాకు అత్తగారి మోకాళ్ళు ఉన్నాయి.

కొండ మీదకి రైలు. 1923 నుంచి నడుస్తోంది, ఇప్పుడున్న పెట్టెలు కొత్తవే. విదేశీయులకి పెద్దవాళ్ళకి 30, పిల్లలకి 15, రానూపోనూ, మొత్తం 105 రింగిట్. 80 పెడితే ఫాస్ట్ లేన్, లైన్లో నిలబడక్కర్లేదు, మేం తీసుకోలేదు, 35 నిమిషాలు నిలబడ్డాం. శని ఆదివారాలైతే ఏమో గానీ మామూలు రోజున ఆ 80 వేస్ట్. రైలు దాదాపు నిటారుగా ఎక్కుతుంది, అత్తగారు కళ్ళు మూసుకుని గోవిందా గోవిందా, మా వాడు ముందు అద్దానికి ముక్కు ఆనించి ఒకటే కేకలు. పైన చల్లగా ఉంది, 1985లో కట్టిన 13.5 కిలోమీటర్ల బ్రిడ్జి సముద్రం మీద సన్నగా కనపడింది. పైన సుబ్రహ్మణ్యస్వామి గుడి కూడా ఉంది, ఇంత దూరం వచ్చి కొండెక్కితే ఇక్కడా ఆయనేనా అని అత్తగారు తెగ ముచ్చటపడింది. పనీర్ కోపం అక్కడితో తగ్గింది.

దిగి కెక్ లోక్ సి గుడికి 7 రింగిట్ గ్రాబ్. 1890లో మొదలుపెట్టి దశాబ్దాలపాటు కట్టిన బౌద్ధాలయం, ఏడంతస్తుల పగోడా కింద చైనా పద్ధతి, మధ్యలో థాయ్, పైన బర్మా పద్ధతి. పైన 30 మీటర్ల కంచు విగ్రహం. మెట్లు బోలెడు, కానీ పై భాగానికి లిఫ్టు ఉంది, టికెట్టుతో. కోరికలు రాసిన రిబ్బన్లు కడతారక్కడ, రంగుని బట్టి కోరిక, అత్తగారు ఎవరికీ చూపించకుండా ఒకటి కట్టింది, మా వాడు సెలవులు పొడిగించమని రాశాడు. లిఫ్టు, రిబ్బన్లు, నీళ్ళ సీసాలు అన్నీ కలిపి 48. బయట బజార్లో చెండోల్ రెండు కప్పులు 10, కొబ్బరి పాలు, తాటి బెల్లం, ఐసు, పచ్చటి సేమ్యాలాంటిది. మా ఆయన ఒక్కడే కప్పున్నర తాగేశాడు.

ఇక అసలు సంగతి, భోజనం. లిటిల్ ఇండియాకి 16 రింగిట్ గ్రాబ్. 1833 నాటి మారియమ్మన్ గుడి చూద్దామంటే మధ్యాహ్నం తలుపులు మూసేసి ఉన్నాయి, దర్శనం కావాలంటే పొద్దున దిగగానే ముందు అక్కడికే వెళ్ళండి. పక్క సందులో అరిటాకు భోజనం హోటల్లో దూరాం. పేరున్న హోటల్ ఏం కాదు, ప్లాస్టిక్ కుర్చీలు, పైన గిరగిరా ఫ్యాన్లు. వెజ్ భోజనం 11 రింగిట్. ఆకు వేసి అన్నం, సాంబారు, చారు, రెండు కూరలు, పచ్చడి, అప్పడాలు, ఊరమిరపకాయలు, చివర్లో పాయసం. అన్నం, కూరలు ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా వడ్డించారు. రెండ్రోజుల తర్వాత చారు కలుపుకున్న అత్తగారి మొహం చూడాలి మీరు. మా ఆయన విడిగా చేప వేపుడు 15, మా వాడికి రొట్టె చనాయ్ (మన పరోటాలాంటిది) రెండు, మైలో, మాకు తేహ్ తారిక్ టీలు, మొత్తం 62.

అత్తగారు, అమ్మాయ్ ఈ ఊరమిరపకాయలు మనింట్లోవాటిలాగే ఉన్నాయే అని నాతో అంటుంటే పక్క బల్ల మీద ఒక పెద్దాయన, డెబ్భై దాటి ఉంటాయి, చెయ్యి ఆకు మీద అలాగే ఆపి, ఏ ఊరమ్మా మీది అన్నాడు. తెలుగులో! విజయనగరం దగ్గర అని అత్తగారు అనగానే ఆయన కుర్చీ జరుపుకుని వచ్చేశాడు. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటల్లో పనికి వచ్చాడట, ఈయన పుట్టింది పెరిగింది మలేషియాలోనే పెరాక్ రాష్ట్రంలో ఎస్టేట్‌లో, ఇండియా ఒక్కసారీ చూడలేదు, కానీ సంక్రాంతికి ఇంట్లో అరిసెలు వండుతారట. ఆవిడ మా ఊరి రేవు, మామిడి తోటలు చెప్తుంటే ఆయన అచ్చం మా నాయన కూడా ఇలాగే చెప్పేవాడు అంటాడు. నేను టైమ్ చూసుకుంటూ కూర్చున్నా, మూడు దాటింది, మూడున్నర అయింది, ఇద్దరూ లేవరు. చివరికి మా ఆయన, అమ్మా షిప్పు వెళ్ళిపోతుంది అంటే, వెళ్తే వెళ్ళనీరా అంది! ఆయన మా టీలకి డబ్బులిస్తానని ఒకటే గొడవ, మేం ఇవ్వనివ్వలేదు. 3:50కి బయల్దేరితే నడిచే 4:05కి గేటు లోపల ఉన్నాం. ఇదే షిప్పు బస్సులో వెళ్ళుంటే ఆ హోటల్ మొహం కూడా చూసేవాళ్ళం కాదు.

మొత్తం 266 రింగిట్, 5,050 రూపాయలు, ఈసిమ్ కలిపినా 5,650.

ఇప్పుడు వదినవాళ్ళ సంగతి వినండి. 40 మంది బస్సు, అందరూ ఎక్కేసరికి ముప్పావు గంట. కెక్ లోక్ సి దగ్గర అరగంట ఇచ్చారు, పైకి వెళ్ళడానికి టైమ్ చాలదని కింద తాబేళ్ళ చెరువు దగ్గర ఫొటోలు తీసుకుని వచ్చేశారు. కొండ రైలు ఆ టూర్‌లో లేనే లేదు. బాటిక్ బట్టల షాపులో, చాక్లెట్ షాపులో మాత్రం గంటకి పైనే. భోజనం బఫే, వెజ్ అంటే ఫ్రైడ్ రైస్, అందులో రొయ్య వచ్చిందని అన్నయ్యగారు ప్లేటు పక్కన పెట్టేశారట. రాత్రి డిన్నర్‌లో ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. వదిన మాత్రం గైడ్ ఇంగ్లీష్ చాలా బాగుందండీ అంటోంది.

నిజం చెప్పాలంటే అన్ని చోట్లా సొంతంగా తిరగమని నేను అనను. ఫుకెట్‌లో మా షిప్పు ఒడ్డుకి రాలేదు, దూరంగా ఆగి చిన్న బోట్లలో దింపారు, ఆ క్యూలోనే గంట పోయింది, పైగా థాయ్‌లాండ్ టైమ్ సింగపూర్, మలేషియా కన్నా గంట వెనక, ఫోన్ దానంతట అదే మారిపోతుంది కానీ షిప్పు వాళ్ళు చెప్పే టైమ్ షిప్పు గడియారం ప్రకారం కావచ్చు, దిగేముందు అడిగి కాగితం మీద రాసుకోండి. దీవిలో ఆ చివరి నుంచి ఈ చివరికి వెళ్ళే ప్లాన్లుంటే అక్కడ షిప్పు టూరే నయం. మేం అక్కడ బీచ్ దాటి ఎక్కడికీ వెళ్ళలేదు, అత్తగారు గొడుగు కింద నిద్రపోయింది, మా వాడు ఇసుకలో ఆడుకున్నాడు.

అన్నయ్యగారు పెనాంగ్ రాత్రే కౌంటర్‌కెళ్ళి ఫుకెట్ టూర్ క్యాన్సిల్ చేయమన్నారు. 48 గంటల ముందు చెప్పాలి సార్, కాంబో కదా, డబ్బులు వెనక్కి రావు అంది అదే అమ్మాయి.