యాప్రాల్‌లో మిలిటరీ గోడ దగ్గర ఇల్లు కొన్నాం: రెండున్నరేళ్ల తర్వాత నా రివ్యూ

కింది దాకా చదివే ఓపిక లేనివాళ్ల కోసం రేటింగ్ ముందే చెప్పేస్తాను. ఇంటికి నాలుగు, వీధికి నాలుగున్నర, రోడ్డుకి రెండు, ఇల్లు చూపించిన ఏజెంటుకి ఒకటి. ఆ ఒకటి కూడా ఫోన్ చేస్తే ఎత్తుతాడని. ఏజెంటుని పక్కనపెట్టి మిగతావి కలిపితే అయిదుకి మూడున్నర అనుకోండి.

మేము 2023లో కొన్నాం. ఆ ఏడు అధిక శ్రావణం పడింది, నిజ శ్రావణం దాకా గృహప్రవేశం కుదరదని అత్తయ్య పట్టుబడితే ఒక నెలంతా పాత ఇంటి అద్దె, కొత్త ఇంటి ఈఎంఐ రెండూ కట్టాం. రెండు వందల గజాల్లో కింద ఒకటి, పైన ఒకటి, పన్నెండేళ్ల పాత ఇండిపెండెంట్ ఇల్లు, ఈస్ట్ ఫేసింగ్. మావారి ల్యాబ్ జీనోమ్ వ్యాలీలో, నా బ్యాంకు సికింద్రాబాద్‌లో, కాబట్టి ఇద్దరికీ మధ్యలో పడేలా ఈ వైపు వెతికాం. అసలు కారణం మాత్రం మామయ్య. ఆయన ఈఎంఈలో (ఆర్మీ బండ్లు, యంత్రాలు బాగుచేసే విభాగం) ఇరవై నాలుగేళ్లు చేసి హవల్దార్‌గా రిటైర్ అయ్యారు. మందులకి ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం), సరుకులకి ఆర్మీ క్యాంటీన్, పెద్ద జబ్బు చేస్తే తిరుమలగిరిలో మిలిటరీ హాస్పిటల్, ఇవన్నీ దగ్గర్లో ఉండాలని ఆయన కోరిక. పైకి చెప్పని ఇంకో కోరిక కూడా ఉందని నా అనుమానం. రిక్రూట్‌గా రైలు దిగి ఆయన మొదట అడుగుపెట్టింది తిరుమలగిరిలోనే.

ఈ ఏరియా తెలియనివాళ్లకి రెండు ముక్కలు. సికింద్రాబాద్ పుట్టిందే మిలిటరీ కోసం, 1798లో నిజాం బ్రిటిష్‌వాళ్లతో చేసుకున్న ఒప్పందంతో ఇక్కడ పటాలాలు దిగాయి, 1806లో సికందర్ జా పేరు పెట్టారు. ఇప్పటికీ తిరుమలగిరి, బొల్లారం, ఏఓసీ (ఆర్మీ సామగ్రి విభాగం), ఈఎంఈ అంటూ మైళ్ల కొద్దీ ఆర్మీ స్థలమే. ఆ స్థలం అంచున సైనిక్‌పురి, నేరేడ్‌మెట్, యాప్రాల్, కౌకూర్, అల్వాల్ పెరిగాయి. యాప్రాల్ కంటోన్మెంట్ (ఆర్మీ ప్రాంతం) బోర్డు కిందకి రాదు, కానీ ఊళ్లోకి వెళ్లే దారులు చాలావరకు ఆర్మీ వాళ్ల మధ్య నుంచే. ఈ ఒక్క వాక్యం మాకు కొనక ముందు ఎవరూ చెప్పలేదు, అందుకే ఈ రివ్యూ రాస్తున్నా.

అసలు మేము మొదట బయానా ఇచ్చింది ఈ ఇంటికి కాదు. గోడకి ఇంకా దగ్గరగా ఉన్న వేరే ఇల్లు. కొత్తది, మార్బుల్, మాడ్యులర్ కిచెన్, పైన పెంట్ హౌస్, బాల్కనీలో నిలబడితే ఎదురుగా ఒక్క బిల్డింగ్ కూడా కనపడకుండా వేప చెట్లు, మోదుగ చెట్లు. ఏజెంటు ఆ చెట్ల వైపు చెయ్యి ఊపి "ఈ వ్యూకి జన్మలో అడ్డం రాదు మేడం, అది డిఫెన్స్ ల్యాండ్" అన్నాడు. నిజమే, అడ్డం రాదు. కానీ ఆ గోడ ఇవతలివాళ్లకి కూడా కొన్ని లెక్కలు పెడుతుందని చెప్పలేదు. బ్యాంకులో పనిచేస్తూ కూడా నేను రెండు లక్షల టోకెన్ ఇచ్చేశాను, నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. వాస్తు చూసినాయన ఈశాన్యంలో సంపు ఉందని మెచ్చుకుని వెళ్లిపోయాడు, గోడ ఆయన శాస్త్రంలో లేదు.

లోన్‌కి పెట్టాక మా బ్యాంకు ప్యానల్ లాయర్ లింక్ డాక్యుమెంట్లు, ముప్పై ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) అన్నీ బాగున్నాయన్నాడు, చివర్లో ఒక్క కాగితం అడిగాడు: లోకల్ మిలిటరీ అథారిటీ ఇచ్చిన ఎన్ఓసీ. రక్షణ శాఖ 2011 మేలో ఒక సర్క్యులర్ ఇచ్చింది, డిఫెన్స్ స్థలానికి 100 మీటర్ల లోపు కట్టాలంటే వాళ్ల అభ్యంతరం లేదని పత్రం కావాలి, నాలుగు అంతస్తులు దాటితే 500 మీటర్ల లోపు కూడా. 2016 అక్టోబర్‌లో దాన్ని సడలించి కొన్ని మిలిటరీ స్టేషన్లకి 10 మీటర్లు, కొన్నిటికి 100 అని లిస్టులు వేశారు. మీరు కొనే ఇంటి పక్క గోడ ఏ లిస్టులోదో ఏజెంటు మాట మీద కాదు, కాగితం మీద చూసుకోవాలి. దీనికి తోడు 1903 నాటి వర్క్స్ ఆఫ్ డిఫెన్స్ చట్టం ఒకటి ఉంది, హకీంపేట్ వైపు వెళితే విమానాల కోసం ఎత్తు మీద ఎయిర్‌ఫోర్స్ ఆంక్షలు వేరే. మాకు అమ్మే ఆయన దగ్గర మున్సిపల్ పర్మిషన్ ఉంది కానీ ఎన్ఓసీ లేదు, పెంట్ హౌస్‌కి ఆ పర్మిషన్ కూడా లేదు.

"అంత దగ్గరేం కాదు, నూటయాభై మీటర్లు ఉంటుంది" అని ఆయన వాదన. మామయ్య ఏమీ అనలేదు. మర్నాడు ఆదివారం పొద్దున్నే మేస్త్రీ దగ్గర ముప్పై మీటర్ల టేపు అడిగి తెచ్చి, ఒక కొస నాకిచ్చి గోడ దాకా కొలవడం మొదలుపెట్టారు. మూడో విడత టేపు సాగదీసి సున్నం ముక్కతో గీత పెడుతుంటే అవతల మోర్చా (కాపలా పోస్టు) లోంచి విజిల్. "కౌన్ హై? క్యా కర్ రహే హో?" అని గట్టిగా. నాకు కాళ్లు వణికాయి. మామయ్య తాపీగా నిటారుగా నిలబడి, తన పాత నంబరు, ర్యాంకు, పేరు గడగడా చెప్పి, ఇల్లు కొంటున్నాం బేటా, గోడ ఎంత దూరమో చూస్తున్నాం అని హిందీలో అన్నారు. ఆ కుర్రాడికి ఇరవై రెండేళ్లుంటాయేమో. ఒక్క క్షణం ఆలోచించి, సాబ్, గోడకి ఇంకా దగ్గరికి మాత్రం రాకండి, అక్కడి నుంచే అంచనా వేసుకోండి అన్నాడు. టేపు చుట్టేసరికి లెక్క అరవై రెండు మీటర్లు, గోడ దాకా మిగిలిన నాలుగడుగులు కలపకుండా. దారిలో మామయ్య "అమ్మాయ్, గోడ అవతలి నుంచి నేనూ అట్లాగే అరిచేవాడిని" అని నవ్వారు.

బయానాలో లక్షన్నర వెనక్కి రావడానికి నాలుగు నెలలు పట్టింది. మిగతా యాభై వేలు నా చదువుకి కట్టిన ఫీజు అనుకున్నా.

అదే టైములో కంటోన్మెంట్ లోపల ఒక పాత బంగళాలో వాటా కూడా చూపించారు, ధర వింటే ఎగిరి గంతేసేంత తక్కువ. ఆ తక్కువ ఊరికే కాదు. అక్కడ చాలావరకు ఓల్డ్ గ్రాంట్ కింద ఇచ్చినవి, అంటే నేల ప్రభుత్వానిది, పైన కట్టడం మీదే మన హక్కు. నేల ఎవరిదో డిఫెన్స్ ఎస్టేట్స్ ఆఫీసులో జీఎల్ఆర్ అనే రిజిస్టర్‌లో ఉంటుంది, అది చూడకుండా అటు వెళ్లకండి. కంటోన్మెంట్‌ని జీహెచ్ఎంసీలో కలిపేస్తారు, రేట్లు రెట్టింపవుతాయి అని చెప్పి అమ్మేవాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు. ఇటు జవహర్‌నగర్ వైపు నోటరీ కాగితాల మీద అమ్మే ఇళ్లు, వాటికి ఏ బ్యాంకూ అప్పివ్వదు, నేను చెప్తున్నాగా.

ఇక కొన్న ఇల్లు. గోడకి మూడు వందల మీటర్లకి పైనే, రెండే అంతస్తులు. కోటీ డెబ్బై దగ్గర బేరం తెగింది. రిజిస్ట్రేషన్‌కి అన్నీ కలిపి 7.5 శాతం (2021 జూలై దాకా 6 శాతమే ఉండేది, ఆలస్యం చేసినందుకు మావారు ఇప్పటికీ నన్ను దెప్పుతుంటారు). ధర 50 లక్షలు, ఆపైన ఉంటే 1 శాతం టీడీఎస్ (అమ్మేవాళ్లకి ఇచ్చే డబ్బులోంచి కోసే పన్ను) కొనేవాళ్లే కోసి కట్టాలి, ఇది మర్చిపోయి తర్వాత నోటీసు అందుకున్నవాళ్లని మా బ్రాంచిలోనే చూశాను. కట్టుబడి బాగుంది, పన్నెండేళ్లకి ఒక్క బాత్రూం గోడలోనే చెమ్మ. నీళ్లు రోజు మార్చి రోజు, బోరు ఉంది, ఏప్రిల్, మేలో ట్యాంకర్ తప్పదు.

వీధికి నాలుగున్నర ఎందుకంటే, ఇంత ప్రశాంతత ఈ ధరకి హైదరాబాద్‌లో ఇంకెక్కడా దొరకలేదు మాకు. పొద్దున అయిదున్నరకి గోడ అవతల పీటీ అరుపులు, తర్వాత నెమళ్లు. వేసవిలో మా పాత ఇంటికీ దీనికీ తేడా ఒంటికి తెలుస్తుంది. యాప అంటే వేప కదా, ఊరి పేరు అందులోంచే వచ్చిందని మామయ్య నమ్మకం, నేను కాదనను. శబ్దం లేదని కాదు. హకీంపేట్ నుంచి ట్రైనింగ్ విమానాలు, హెలికాప్టర్లు పనిదినాల్లో తిరుగుతూనే ఉంటాయి, అప్పుడప్పుడు ఫైరింగ్ ప్రాక్టీస్ పటపటలు వినిపిస్తాయి. మొదటి వారం మా చిన్నది భయపడి అత్తయ్య కొంగు వదల్లేదు, ఇప్పుడు నిద్రలో పక్కకి కూడా తిరగదు. వాసన మాత్రం అలవాటు కాదు. గాలి జవహర్‌నగర్ డంపింగ్ యార్డు వైపు నుంచి వీస్తే, ముఖ్యంగా వాన పడి వెలిసిన రాత్రులు, కిటికీలు మూసుకోవాల్సిందే. ఇల్లు చూడ్డానికి ఎండాకాలం మధ్యాహ్నం తీసుకెళ్తారు, మీరు ఆగస్టులో రాత్రి తొమ్మిదింటికి వెళ్లండి.

రోడ్డు సంగతి. ఇక్కడ ఆర్మీ స్థలం లోంచి వెళ్లే రోడ్లు తెరవడం, మూయడం ఏళ్ల తరబడి గొడవ. 2018 మేలో దేశంలోని కంటోన్మెంట్లన్నిటిలో మూసిన రోడ్లు తెరవమని రక్షణ శాఖ ఆదేశించింది, ఆ తర్వాత కోవిడ్ అని కొన్ని మళ్లీ మూశారు, రాష్ట్ర ప్రభుత్వం ఉత్తరాలు రాసింది. వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి, మామయ్య అయితే వాళ్ల పక్షమే. కానీ దాని ఫలితం ఇలా ఉంటుంది: ఒక సాయంత్రం నాకు బ్రాంచిలో క్లోజింగ్ ఆలస్యం, మావారు ల్యాబ్‌లో, పెద్దోడి స్కూల్ వ్యాన్ పాడైంది, వచ్చి తీసుకెళ్లమన్నారు. మ్యాప్‌లో పద్దెనిమిది నిమిషాలు చూపించింది. ఎప్పుడూ వెళ్లే దారిలో బారికేడ్, వెనక్కి తిరిగి ఇంకో దారిలో వెళితే అక్కడా గేటు వేసి ఉంది, మ్యాప్‌కి గేటు తెలీదు, నీలం గీత దాని మీదుగా హాయిగా వెళ్లిపోతోంది. లాల్‌బజార్ మీదుగా చుట్టూ తిరిగి స్కూలుకి చేరేసరికి గంటా పది నిమిషాలు. వాచ్‌మన్ పక్కన స్టూలు మీద కూర్చుని వాడు బిస్కెట్లు తింటున్నాడు, నాకేమో ఏడుపు ఒక్కటే తక్కువ.

అందుకని కొనే ముందు ఒక పని చేయండి. బాగా తిరిగే రోడ్డు మూసేశారనుకుని, మిగిలిన దారిలో ఆఫీసుకి సోమవారం పొద్దున ఒకసారి, రాత్రి పదికి ఒకసారి నడిపి చూడండి. ఆ టైము భరించగలిగితేనే బయానా ఇవ్వండి. మేము ఆదివారం మధ్యాహ్నం మంచి రోడ్డులో వచ్చి చూసి మురిసిపోయాం.

ఏజెంటు అప్పట్లో "రెండేళ్లలో ఫ్లైఓవర్ వచ్చేస్తుంది మేడం" అనేవాడు. ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట్ ఎలివేటెడ్ కారిడార్ గురించి. అప్పటికి దానికి కావాల్సిన డిఫెన్స్ భూమే ఇవ్వలేదు, 2024 మార్చిలో గానీ రక్షణ శాఖ ఒప్పుకోలేదు, శంకుస్థాపన ఆ తర్వాత. పైగా అది రాజీవ్ రహదారి మీద, అల్వాల్ వైపు, మా వీధికి నేరుగా ఒరిగేది తక్కువ. ఎంఎంటీఎస్ 2023 ఏప్రిల్ నుంచి మేడ్చల్ దాకా నడుస్తోంది, అమ్ముగూడ, కావలరీ బ్యారక్స్ స్టేషన్లు మాకు దగ్గర, కానీ రైళ్లు తక్కువ, ఒకటి తప్పితే ఇంకొకటి వచ్చేలోపు ఆటోలో వెళ్లిపోవచ్చు.

మిలిటరీ పక్కన ఉంటే మనకీ అన్నీ దొరుకుతాయనే భ్రమ చాలామందికి ఉంది. క్యాంటీన్ కార్డు, ఈసీహెచ్ఎస్ కార్డు మామయ్య సర్వీసువి, మావి కావు. ఆర్మీ పబ్లిక్ స్కూల్లో ముందు ఆర్మీ పిల్లలు, సీట్లు మిగిలితేనే బయటివాళ్లు. మా పిల్లలిద్దరికీ దొరకలేదు.

పెట్టిన డబ్బుకి బాగా పనికొచ్చింది పై వాటా. క్వార్టర్స్ దొరకని ఆఫీసర్ల కుటుంబాలు బయట అద్దెకి తీసుకుంటాయి, మాకు వచ్చినావిడ భర్త మేజర్, సరిహద్దు పోస్టింగ్‌లో ఉన్నాడు, ఆమె ఇద్దరు పిల్లలతో ఇక్కడ. ఒకటో తారీకు అద్దె పడిపోతుంది. గోడకి మేకు కొట్టాలన్నా "ఆంటీజీ, కొట్టొచ్చా" అని అత్తయ్యని అడిగి కొడతారు. మెట్ల కింద వాళ్ల నల్ల పెట్టెలు పదకొండు, మీద తెల్ల పెయింట్‌తో పేరు, యూనిట్, పాత ఊళ్ల పేర్లు కొట్టేసి కొత్తవి రాసుకుంటూ పోయారు. రెండు మూడేళ్లకి వెళ్లిపోతారు, మళ్లీ టు-లెట్ బోర్డు, ఆ నెలా రెండు నెలలు ఖాళీ లెక్కలో వేసుకోవాలి. వెళ్లేటప్పుడు పిల్లలు ఏడుస్తారు, మనకీ బాగుండదు, అది వేరే విషయం.

కొంటారా మళ్లీ అని అడిగితే, ఈ ఇల్లే, ఇదే వీధిలో, అయిదు లక్షలు తగ్గించి అడిగి కొంటాను.

మొన్న ఆదివారం మూల మీద ప్లాటు చూడ్డానికి ఒక జంట వచ్చింది, అదే ఏజెంటు, అదే చెయ్యి ఊపుడు, "ఈ వ్యూకి అడ్డం రాదు సార్". మామయ్య కాఫీ సగంలో వదిలేసి స్కూటర్ డిక్కీ తెరిచి టేపు తీసుకుని వాళ్ల దగ్గరికి బయల్దేరారు.