పాత డేటాను కూడా గ్రూపులు చేసిస్తామంటే నమ్మి డబ్బు కట్టకండి

చేనేత చీరలో, పచ్చళ్లో, పుస్తకాలో సొంత సైటు పెట్టుకుని అమ్ముకుంటున్న వాళ్లందరికీ ఈ హెచ్చరిక. సైటుకు ఎంతమంది వచ్చారో, ఏ పేజీలు చూశారో లెక్కపెట్టే గూగుల్ ఎనలిటిక్స్‌లో మీ పేజీలను గ్రూపులుగా విడదీసి పెడతామంటూ ఏజెన్సీలు ఏడాది ప్యాకేజీలు అమ్ముతున్నాయి. మేమూ ఒకటి కొన్నాం. డబ్బు పోయింది, పని జరగలేదు. మీకు అలా కాకూడదని వివరంగా రాస్తున్నాను.

పేజీల గ్రూపింగ్ అనవసరమైన పనేం కాదు. మా సైటులో ఒక్కో చీరకు ఒక్కో పేజీ ఉంటుంది, చీర అమ్ముడుపోతే ఆ పేజీ తీసేస్తాం. కాబట్టి విడివిడి పేజీల లెక్క చూస్తే ఏమీ అర్థం కాదు. గద్వాల పేజీలన్నీ కలిపి ఎంతమంది చూశారు, మంగళగిరివి ఎంతమంది, వ్యాసాలు చదివి చీరల వైపు వచ్చినవాళ్లు ఎందరు అన్నది తెలిస్తేనే దసరాకు ఏ సరుకు ఎంత తెప్పించాలో తేలుతుంది. అందుకే కట్టాం.

వాళ్లు ఫోనులో చెప్పిన మొదటి మాటే అబద్ధం: "పోయినేడాది డేటా కూడా గ్రూపుల వారీగా వచ్చేస్తుందండీ." రాదు. ఇప్పటి ఎనలిటిక్స్‌లో, అంటే జీఏ4లో, పేజీ తెరుచుకున్నప్పుడు వెళ్లే సమాచారంతో పాటే ఆ పేజీ ఏ గ్రూపుదో చెప్పే "కంటెంట్ గ్రూప్" అనే పారామీటర్ (అదనపు సమాచారపు ముక్క) కూడా వెళ్లాలి. పెట్టిన రోజు నుంచే అది పనిచేస్తుంది. అంతకుముందు నమోదైన డేటా అంతా "నాట్ సెట్", అంటే ఏ గ్రూపూ లేనిది, కిందే ఉండిపోతుంది. పాత యూనివర్సల్ ఎనలిటిక్స్‌లోనూ ఇదే పద్ధతి.

మరి మాకు పాత గ్రూపులు ఎలా చూపించారు? లుకర్ స్టూడియోలో, అంటే ఎనలిటిక్స్ డేటాను తీసుకుని రిపోర్టులుగా చూపే గూగుల్ పనిముట్టులో. పేజీ చిరునామాలో ఫలానా మాట ఉంటే ఫలానా గ్రూపు అని అక్కడ ఒక సూత్రం రాసుకోవచ్చు. రిపోర్టు తెరిచినప్పుడల్లా అది లెక్క కడుతుంది గనుక పాత డేటా కూడా విడివిడిగా కనిపిస్తుంది. అదేం తప్పు పని కాదు, ఉపయోగపడేదే. పైగా లుకర్ స్టూడియో ఉచితం. కానీ ఆ రిపోర్టు వాళ్ల అకౌంటులో ఉంది, సూత్రమూ వాళ్ల దగ్గరే ఉంది. రెండో ఏడాది డబ్బు కట్టబోమని చెప్పగానే రిపోర్టు మాకు తెరుచుకోవడం మానేసింది. మా ఎనలిటిక్స్‌లోకి వెళ్లి "పేజెస్ అండ్ స్క్రీన్స్" రిపోర్టులో కంటెంట్ గ్రూప్ ఎంచుకుని చూస్తే చాలావరకు నాట్ సెట్. ఏడాది పొడుగునా డబ్బు తీసుకున్నవాళ్లు అసలు చోట పనికొచ్చేదేమీ పెట్టలేదన్నమాట. ఇది నాకు ఇప్పటికీ కోపం తెప్పించే విషయం.

వాళ్ల కరపత్రంలో "ఐదు రకాల కంటెంట్ గ్రూపింగులు" అని ఉండేది. ఆ మాట కనిపిస్తే మీరు వెంటనే జాగ్రత్తపడండి. ఆ ఐదు యూనివర్సల్ ఎనలిటిక్స్ నాటి హద్దు. సాధారణ ఖాతాల్లో అది డేటా తీసుకోవడం 2023 జులై 1తోనే ఆపేసింది. జీఏ4లో సిద్ధంగా ఉండే కంటెంట్ గ్రూప్ ఒక్కటే. ఇంకో రకంగా విడదీయాలంటే కస్టమ్ డైమెన్షన్ (మనమే పేరు పెట్టి చేర్చుకునే అదనపు విభాగం) పెట్టుకోవాలి. పాత కరపత్రం పట్టుకుని తిరిగేవాళ్లకు కొత్త పని రాదనే అనుకోండి.

ఇక తెలుగులో చిరునామాలు ఉన్న సైట్లవాళ్లు ఇది శ్రద్ధగా చదవండి. చిరునామా పట్టీలో మనకు తెలుగు కనిపించినా, లోపల ఎనలిటిక్స్‌కు వెళ్లేది శాతం గుర్తులు, అంకెలు, ఇంగ్లిష్ అక్షరాలు కలిసిన వరుస. "ప" ఒక్కటే తొమ్మిది గుర్తులవుతుంది. గుణింతాలు, సున్నా, ఒత్తులు కూడా విడివిడిగా లెక్కలోకి వస్తాయి కాబట్టి "పోచంపల్లి" అన్న మాట ఎనభై ఒకటి. ఆ ఏజెన్సీవాళ్లు ట్యాగ్ మేనేజర్‌లో (ఎనలిటిక్స్‌కు ఏం పంపాలో నిర్ణయించే గూగుల్ పనిముట్టు), ఏ చిరునామా ఏ గ్రూపో చెప్పే నిబంధనల్లో పోచంపల్లి అని తెలుగులోనే రాశారు, అది ఏ పేజీకీ తగల్లేదు. అడిగితే చిరునామాలోని ముక్కనే గ్రూపు పేరుగా పంపారు. జీఏ4 ఆ విలువను 100 గుర్తుల దగ్గర కత్తిరిస్తుంది. "పోచంపల్లి-చీరలు" 127 గుర్తులు. రిపోర్టులో ఏం కనిపించి ఉంటుందో మీరే ఊహించుకోండి.

నిబంధనల వరుస కూడా చూడాలి. ట్యాగ్ మేనేజర్ పట్టికలో పైనుంచి మొదట ఏది సరిపోతే అదే ఖాయమవుతుంది. వాళ్లు చీరల నిబంధన పైన, వ్యాసాల నిబంధన కింద పెట్టారు. ఉప్పాడ జమ్‌దానీ మీద రాసిన వ్యాసం చదివినవాళ్లంతా ఉప్పాడ చీరలు చూసినట్టు లెక్కలోకి వచ్చారు. ఆ అంకెలు నమ్మి సరుకు తెప్పిస్తే నష్టపోయేది దుకాణమే.

నా అభిప్రాయం, చిరునామాను బట్టి గ్రూపు ఊహించడం కన్నా, పేజీకి మీరు సైటులో ఇచ్చిన కేటగిరీనే నేరుగా పంపించమని అడగడం మేలు. చిరునామాలు మారినా గ్రూపు మారదు. గ్రూపుల పేర్లు ఏమిటో కూడా మీరే నిర్ణయించండి, మీ సరుకు మీకు తెలిసినంతగా వాళ్లకు తెలియదు.

డబ్బు ఇచ్చే ముందు ఎనలిటిక్స్, ట్యాగ్ మేనేజర్, రిపోర్టు మూడూ మీ మెయిల్ పేరు మీద, అడ్మిన్ హక్కు మీ దగ్గర ఉండేలా రాయించుకోండి. పని అయ్యిందని చెప్పినప్పుడు వాళ్ల రిపోర్టు చూడకండి. ఎనలిటిక్స్‌కు అప్పటికప్పుడు ఏం వెళుతోందో చూపించే డీబగ్ వ్యూ తెరిపించి, మీ ఎదుటే ఒక తెలుగు చిరునామా పేజీ, ఒక వ్యాసం, ఒక చీర పేజీ తెరవమనండి. మూడింటికీ సరైన గ్రూపు పేరు కనిపిస్తేనే మిగతా సొమ్ము. ఇంకొకటి, డేటా రిటెన్షన్, అంటే వివరాలు ఎంతకాలం దాచాలన్న గడువు, మామూలుగా 2 నెలలకు ఉంటుంది, దాన్ని మొదటి రోజే 14 నెలలకు మార్పించండి. లేకపోతే ఎక్స్‌ప్లోరేషన్స్‌లో (ఎనలిటిక్స్‌లో మనమే తయారుచేసుకునే రిపోర్టులు) పోయిన పండగ సీజన్‌తో పోల్చుకోలేరు, ఆలస్యంగా మార్చినా చెరిగిపోయింది తిరిగి రాదు.

ఇప్పటికే ఇలా ఇరుక్కుని ఉంటే వాట్సాప్ మాటలు, ఇన్‌వాయిస్, కరపత్రం దాచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. వ్యాపారం కోసం కొన్నారు కాబట్టి మీరు వినియోగదారులే కారని వాళ్లు వాదించవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో, కేవలం స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొని వాడుకునే వస్తువులకు ఆ మినహాయింపు వర్తించదని ఉంది, కానీ అక్కడ సేవల మాట లేదు; అయినా బతుకుతెరువు కోసమే కొన్నామన్న మాట ఫిర్యాదులోనే రాయండి.