చక్రం ఒక్కటే, తిప్పాల్సినవి మూడు: ఐదేళ్లు వాడాక నా కెమెరా

24 మెగాపిక్సెల్ ఎంట్రీ లెవెల్ డీఎస్ఎల్ఆర్ (లెన్స్ మార్చుకునే కెమెరా), దాంతోపాటు వచ్చే 18-55 ఎంఎం జూమ్, అంటే కిట్ లెన్స్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. అపర్చర్, షట్టర్, ఐఎస్ఓ మూడింటికీ దీనికున్నది ఒకటే చక్రం. కంపెనీ పేరు రాయను, ఈ ధరలో వచ్చేవన్నీ కొంచెం అటూఇటుగా ఇంతే.

మొదటి ఏడాదంతా అన్నీ కెమెరాకే వదిలేసే ఆటో మోడ్‌లోనే లాగించేశా. దసరాకి బెజవాడ దుర్గా ఘాట్‌లో తెప్పోత్సవం తీద్దామని వెళ్తే తెలిసొచ్చింది. హంస వాహనం దీపాలతో వెలిగిపోతోంది, చుట్టూ కృష్ణ అంతా చీకటి. కిట్ లెన్స్ 55కి జూమ్ చేస్తే అపర్చర్ (వెలుతురు వచ్చే కన్నం, అంకె తగ్గేకొద్దీ పెద్దది) 5.6 దాటి తెరుచుకోదు, ఐఎస్ఓ (వెలుతురుని ఎంత పెంచి చూపాలన్న సెట్టింగు) 1600 పెడితే షట్టర్ తెరిచి ఉండే టైము 1/8 సెకనుకి పడిపోయింది. అటు వాహనం కదులుతోంది, ఇటు నా చెయ్యి వణుకుతోంది, వెనకనుంచి జనం తోపులాట. ఫొటోలో హంసకి మూడు మెడలు! సరే అని 6400కి పెంచితే షట్టర్ 1/30 వచ్చింది గానీ చీకటి మీద ఇసక చల్లినట్టు నాయిస్.

మరుసటేడు 50 ఎంఎం 1.8 లెన్స్ పట్టుకెళ్లా. ఐఎస్ఓ అదే 1600, షట్టర్ మాత్రం 1/80. 5.6 నుంచి 1.8 అంటే మూడుంపావు స్టాపులు, స్టాపుకోసారి వెలుతురు రెట్టింపు అన్న లెక్క అప్పటికిగానీ బుర్రకెక్కలేదు.

అదే 1.8తో మేనకోడలి ఓణీల ఫంక్షన్‌లో దెబ్బతిన్నా. పిల్ల కళ్లు పదునుగా వచ్చాయి, అడుగు వెనక నిలబడ్డ మా అమ్మ మసక. "ఇంత డబ్బు పోశావు, నేనే కనపడనేంట్రా?" అంది. కన్నం పెద్దదైతే పదునుగా వచ్చే లోతు తగ్గిపోతుంది మరి. ఇప్పుడు నలుగురు నిలబడితే చాలు, 5.6 పెట్టి ఐఎస్ఓ పెంచేస్తా. నాయిస్ ఉంటే ఉండనీ.

గుంటూరు మిర్చి యార్డులో ఇంకో తంటా. ఎండలో ఎర్రటి కుప్పలు, స్క్రీన్ మీద ఎక్స్‌పోజర్ (ఫొటోకి పడిన వెలుతురు) బాగానే ఉన్నట్టుంది, ఇంటికొచ్చి చూస్తే కాయల మీద గీతా ముడతా లేకుండా ఎర్రటి ముద్ద. ఏ రంగు ఎంత వెలుతురుతో పడిందో చూపే గ్రాఫ్, అదే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్‌లో ఎరుపొక్కటే కుడి అంచుకి గుద్దుకుంది, అంటే మితిమీరింది. అప్పట్నుంచి అక్కడ ఒక స్టాప్ మైనస్‌లో, అంటే సగం వెలుతురుతో తీస్తా (తుమ్ముతో వచ్చే షేక్‌కి ఏ సెట్టింగూ లేదు).

నా అసలు కంప్లయింట్ ఆ ఒక్క చక్రం. అన్నీ మనమే పెట్టుకునే మాన్యువల్ మోడ్‌లో అపర్చర్ మార్చాలంటే బటన్ నొక్కి పట్టుకుని తిప్పాలి, ఈలోపు అక్షింతలు వేసేయడం అయిపోతుంది. అందుకే పెళ్లిళ్లలో అపర్చర్ ప్రయారిటీలోనే ఉంటా, అపర్చర్ నేను పెడితే షట్టర్ కెమెరానే చూసుకుంటుంది. కొనేవాళ్లు కొత్త బాడీ జోలికెళ్లకుండా పాతది తీసుకుని, మిగిలింది 50 లెన్స్ మీద పెట్టండి. రెండో బ్యాటరీ కూడా.